నాలుగో మాట

తొర్రూరు,
జనవరి.

ప్రియమైన బాపుకు,

మనోరమ వందనాలు. ఫోన్‌లో అయితే నీకు సగం వినబడదు, మిగతా సగం నేను చెప్పలేను. అందుకే కాగితం పట్టాను.

ప్రత్యూష పోయి మూడు నెలలు దాటింది. ఉపేందర్ మార్కెట్ యార్డుకు పోతున్నాడు, బస్తాలు మోస్తున్నాడు, వచ్చి తింటున్నాడు. బిడ్డ పేరు ఇద్దరం ఎత్తడం లేదు. దాని బడి సంచి తలుపు వెనుక అట్లాగే ఉంది.

బాపూ, నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే చాలు, దవాఖాన వరండాలో మనమంతా చేతులు పట్టుకుని అడిగింది గుర్తొస్తుంది. జ్వరం తగ్గిందని డాక్టరు అనగానే నువ్వు స్తోత్రం చెప్పావు. తెల్లారేసరికి బిడ్డ లేదు. నీకంటే దేవుడికే ఎక్కువ చెవుడు వచ్చినట్టుంది. ఇట్లా అనకూడదని తెలుసు, అయినా నీకు కాక ఎవరికి చెప్పుకోను? చిన్నప్పటి నుంచి దారి చూపింది నువ్వే. ఇప్పుడు ఎటు పోవాలో చెప్పు.

నీ బిడ్డ,
మనోరమ

*

టేకుమట్ల,
ఫిబ్రవరి.

ప్రభువునందు ప్రియమైన మనోరమకు,

బాపు దీవెనలు. మీ అవ్వ మోకాళ్ళ నొప్పులతోనే మిరప ఏరడానికి పోతోంది, చెప్తే వినదు.

బిడ్డా, దేవుణ్ణి ఎందుకు అని అడగకూడదు. కుండ కుమ్మరిని నిలదీస్తుందా? ఎందుకు అన్న మాట నోట్లోకి వచ్చిందంటే విశ్వాసం అక్కడే జారిపోతుంది. తెల్లారుజామున లేచి కీర్తనలు చదువు. మనసు రాకపోయినా చదువు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మానకు. చీకటి ఉన్నంతసేపూ ఓర్చుకోవాలి. నేనూ అదే చేస్తున్నాను.

క్షేమం కోరే,
ఐలయ్య, సంఘ పెద్ద

*

తొర్రూరు,
మార్చి.

ప్రియమైన బాపుకు,

నేను బాపుకు రాస్తే సంఘ పెద్ద జవాబిచ్చాడు.

నువ్వు చెప్పినట్టే శుక్రవారం పోయాను. మా సంఘంలో పాటలు ఎత్తే రాజమణక్క అందరి ముందు నా తల మీద చెయ్యి పెట్టింది. "ఎందుకు తీస్కపోయినవ్ అని దేవున్ని అడగకు మనోరమా. నీ ఇంట్లనే ఏదో తక్కువైంది, గదేందో ఎతుక్కో," అన్నది. ఆమె చెడ్డది కాదు. బిడ్డను మట్టి చేసిన రోజు మాకు వండి పెట్టింది ఆమెనే. కానీ నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. చెప్పులు కూడా మరిచిపోయి వచ్చేశాను.

ఇక పోను. పెళ్ళినాడు నువ్విచ్చిన బైబిలు మూటగట్టి పెట్టాను. ఈస్టరు తర్వాత తెచ్చి నీకే ఇచ్చేస్తాను. నువ్వు చూపిన దారి గోడ దగ్గర ఆగిపోయింది బాపూ. ఇంక వాక్యాలు రాసి పంపకు.

మనోరమ

*

టేకుమట్ల,
మార్చి ఆఖరు.

ప్రియమైన మనోరమకు,

ఆ ఉత్తరం తర్వాత నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉపేందర్‌కు ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నది మామా," అన్నాడు. నాకు వినబడింది అదొక్కటే.

బైబిలు తేకు. గుడ్ ఫ్రైడేకు నువ్వు రా. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏటా ఏడుగురం వివరిస్తాం కదా, నాలుగోది మళ్ళీ నాకే ఇచ్చారు. దేవా నన్నెందుకు విడిచావు అని ఆయన కేక వేసిన మాట అది. కష్టమైనదని ఎవరూ తీసుకోరు. నాకు మాత్రం చెప్పేదంతా కంఠతా వచ్చు. వచ్చి విను బిడ్డా.

ఐలయ్య, సంఘ పెద్ద

*

టేకుమట్ల,
ఏప్రిల్.

నా తల్లీ మనోరమా,

నువ్వు రాలేదు. అక్కడ ఏం జరిగిందో నేనే చెప్పాలి.

నా వంతు వచ్చింది. లేచి ఆ మాట చదివాను. తండ్రి అయిన దేవుడు యేసు నుంచి ముఖం ఎందుకు తిప్పుకున్నాడో ఆ తర్వాత చెప్పాలి. దవాఖాన మంచం మీద ప్రత్యూష నా వేలు పట్టుకున్నది గుర్తొచ్చింది. మళ్ళీ అదే మాట అన్నాను. మూడోసారి అరిచానట, మీ అవ్వ చెప్పింది. పాస్టరు వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి, "కూసో పెద్దాయనా, ఇయ్యాల గంతే సాలు," అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మాటను వివరించాను బిడ్డా, ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అని అడగొద్దని నీకు రాశాను. సిలువ మీద యేసే అడిగాడు గదా. ఆయనకూ ఆ రోజు జవాబు రాలేదు. ఈస్టరు నాడు అందరూ పాడుతుంటే ఉత్త పెదవులు కదిపాను. నాకింకా తెల్లవారలేదు.

నీకు చూపడానికి నా దగ్గర దారి లేదు. అడగొద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అడుగు. గట్టిగా అడుగు. నాకు చెవుడే గాని, కూతురు ఏడుస్తున్నదని ముఖం చూస్తే తెలుస్తుంది. పైనున్న ఆయనకు ఆ మాత్రం తెలియదా అనుకుంటున్నాను. రుజువేం లేదు.

బాపు

*

తొర్రూరు,
ఏప్రిల్.

ప్రియమైన బాపుకు,

అడిగాను. ఉపేందర్ పనికి పోయాక, దాని బడి సంచి ఒళ్ళో పెట్టుకుని అడిగాను. మోకరించలేదు, ముసుగు వేసుకోలేదు. తిట్టాను కూడా. పక్కింటి వాళ్ళకు వినబడే ఉంటుంది.

జవాబు రాలేదు.

తిరిగి చూస్తే ఉపేందర్ గడప మీద నిలబడి ఉన్నాడు. అన్నం డబ్బా మరిచిపోయి వచ్చాడట. ఎప్పటి నుంచి వింటున్నాడో. వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. సంచి మీద చెయ్యి వేసి, "మన ప్రత్యూష గురించి నా దిక్కు నుంచి గూడ అడుగు," అన్నాడు.

బైబిలు మూట ఇంకా విప్పలేదు. రేపు ఇద్దరం కలిసి అడుగుతాం.

నీ బిడ్డ,
మనోరమ