పందొమ్మిది ఓట్ల నియోజకవర్గం

మార్చి 17, 2018. శనివారం, సాయంత్రం

లైబ్రరీలో మా ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం వాళ్ళ నెలవారీ మీటింగు. పదకొండు మందిమి. హియామ్‌కి నక్షత్రం వచ్చింది. అది రాసిన ‘జబల్ జైతూన్ నియోజకవర్గం’ ఈ నెల ఉత్తమ వ్యాసమట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎవరికీ అనుమానం రాకుండా అందరికంటే గట్టిగా.

అది పాలకూర కూరి కాల్చి తెచ్చిన ఫతాయెర్లు ఐదు నిమిషాల్లో ఖాళీ. నా కాక్ బిస్కెట్లు డబ్బాతో సహా ఇంటికి తిరిగొచ్చాయి.

మెట్ల దగ్గర హియామ్ నా చెయ్యి పట్టుకుని, మీ వాదీ అత్తీన్ వ్యాసం చూసే నేర్చుకున్నా అక్కా, నాకు గురువు మీరే అంది. అక్కా! నాకంటే రెండేళ్ళు చిన్న, అంతే. రోజంతా మందుల షాపులో నిలబడి కూడా పదమూడు నియోజకవర్గాల మీద పదమూడు వ్యాసాలు రాసింది. ముప్పై ఏళ్ళు జాగ్రఫీ పాఠం చెప్పిన నేను రాసింది ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎందుకు రాశానో ఎవరికీ చెప్పలేదు. 1972లో మా నాన్న నసీబ్ వాదీ అత్తీన్‌లో పోటీ చేసి పందొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. తర్వాత యుద్ధంలో ఇల్లు కాలింది, ఆయన కాగితాలన్నీ పోయాయి. ఓడినవాడి పేరు ఏ పుస్తకమూ రాయదు. ఇప్పుడు ఆయన పేరు ఉన్నది నా వ్యాసంలో, ఫలితాల టేబుల్లో, నాలుగో గడిలో. ఆధారం చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మార్చి 19, సోమవారం

చేసేశాను. జబల్ జైతూన్ వ్యాసాన్ని తొలగింపు చర్చకు పెట్టాను.

కారణం మూడు పేరాలు రాశాను. నియోజకవర్గమంటే చట్టంలో గీసిన గీత. కొత్త చట్టం వచ్చింది, గీత చెరిగింది, పక్కదాంట్లో కలిసిపోయింది. చెరిగిపోయిన గీతకి సొంత వ్యాసమెందుకు? పెద్ద టేబుల్లో ఒక వరుస చాలదా? చివర ‘ఇందులో వ్యక్తిగతమేమీ లేదు’ అని చేర్చాను. ఆ ఒక్క వాక్యాన్నీ నాలుగుసార్లు దిద్దాను.

తౌఫీక్ నా భుజం మీదుగా తొంగిచూసి, ఆవిడ నీకేం చేసిందే, ఫతాయెర్లు బాగా చేయడమే తప్పా అన్నాడు. మొగుడివి మొగుడిలా ఉండు, అడ్మిన్‌లా మాట్లాడకు అన్నాను.

మార్చి 21

అమ్మల పండుగ. కేక్ తిన్నాను. చర్చలో ఇప్పటికి పడ్డ ఓట్లు: తొలగించాలి ఆరు, ఉంచాలి రెండు.

మార్చి 23

హియామ్ ఒక్కసారే రాసింది. ‘ఉంచాలి. అక్కడ మనుషులు క్యూలో నిలబడ్డారు.’ అంతే. ఎనిమిది మాటలైనా లేవు, నా మూడు పేరాల కంటే బాగుంది. అది చూసి నాకు అన్నం సహించలేదు.

మార్చి 27, మంగళవారం

గెలిచాను. నోరు చేదుగా ఉంది.

చర్చ ముగించే అడ్మిన్ పేరు ‘గుడ్లగూబ’. అసలు ఎవరో ఎవరికీ తెలియదు. నా వాదన చాలా బలంగా ఉందని మెచ్చుకుని, దాన్ని ఏకంగా నియమం చేసి పడేసింది. రద్దయిన నియోజకవర్గాలకు ఇక సొంత వ్యాసాలు ఉండవు. అన్నీ ఒకే టేబుల్లోకి. పేరు, సీట్లు, గెలిచినవాళ్ళు. గెలిచినవాళ్ళు మాత్రమే.

కింద జాబితా ఇచ్చింది. ఇరవై రెండు పేర్లు. ఏడోది వాదీ అత్తీన్.

నిజం రాస్తున్నాను, ఇది చదివేవాళ్ళు ఎలాగూ లేరు. వాదీ అత్తీన్ కూడా నియోజకవర్గమేనని నాకు తట్టనే లేదు. మిగతావన్నీ నియోజకవర్గాలు. అది మా ఊరు.

తౌఫీక్‌కి చెప్తే మొదట నవ్వాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు గానీ, నువ్వు తీసిన దాంట్లో మీ నాన్న పడ్డాడే అన్నాడు. తర్వాత నా మొహం చూసి కాఫీ పెట్టాడు.

మార్చి 30

పదిహేను రోజులు గడువు. చట్టం కాకుండా వేరే ఆధారం చూపించగలిగితే జాబితాలోని ఏ వ్యాసమైనా ఉంటుందట. మా పెద్దత్తకి ఫోన్ చేశాను. ఏ ఎన్నికలమ్మా, ఏ ఏడు, ఎవరు నిలబడ్డారు అని నన్నే అడిగింది. ఆవిడ నాన్నకి సొంత అక్క.

ఏప్రిల్ 4

నా వ్యాసం చర్చలో మొదటి ఓటు పడింది. ఉంచాలి. హియామ్.

నన్ను తిట్టినా బాగుండేది. మంచితనంలో కూడా నాకంటే ముందుండాలా?

ఏప్రిల్ 10, మంగళవారం, మధ్యాహ్నం

హియామ్ ఫోన్ చేసింది. మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది, ఒక్కసారి రండి అక్కా అంది. దెప్పడానికే పిలుస్తోందనుకున్నాను. దెప్పితే దెప్పనీ అని కొత్త కోటు వేసుకుని మరీ వెళ్ళాను.

వాళ్ళమ్మ వదీఆకి ఎనభై ఎనిమిదేళ్ళు. పుట్టిల్లు మా వాదీ అత్తీనేనని నాకు ఇవాళే తెలిసింది. నన్ను చూడగానే, నసీబ్ కూతురివా, ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది అంది. మంచం కింద నుంచి పాత కాఫీ డబ్బా తీయించింది. అందులో మడిచిన చిన్న కాగితం. ఓటు స్లిప్పు.

అప్పట్లో స్లిప్పులు ప్రభుత్వం ఇచ్చేది కాదు. పోటీ చేసేవాళ్ళే అచ్చేయించి ఇంటింటికీ పంచేవాళ్ళు. నచ్చని పేరు ఉంటే దాన్ని కొట్టేసి పెట్టెలో వేసేవాళ్ళు. ఇందులో నాలుగు పేర్లున్నాయి. మూడోది నాన్నది. కొట్టేసి లేదు.

మరి పెట్టెలో ఎందుకు వేయలేదత్తా అని అడిగాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

ఎలా వేస్తానే పిచ్చిదానా అంది. పెళ్ళవగానే నా పేరు తీసుకెళ్ళి మా ఆయన ఊరి రిజిస్టర్లో పెట్టేశారు గదా, అక్కడ నాకు రాయీ రప్పా కూడా తెలీవు. ఎన్నికలప్పుడు పుట్టింట్లో ఉన్నా, మీ నాన్న చెమటలు కారుతూ వచ్చాడు. నాకిక్కడ ఓటు లేదన్నయ్యా అన్నా. పర్లేదు చెల్లెమ్మా, ఉంచుకో, పేరైనా నీ దగ్గరుంటుంది అన్నాడు. ఉంచా.

నాన్న ఓడింది పందొమ్మిదితో. ఆ ఊళ్ళో పెళ్ళయి పేరు దాటిపోయిన ఆడవాళ్ళు పందొమ్మిది మందే ఉన్నారా?

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో సిగ్గు లేకుండా రాస్తాను. నాన్న నా చేతికి ఒక్క స్లిప్పూ ఇవ్వలేదు. పరాయి ఇంటి ఆడపిల్లకిచ్చాడు. నా తండ్రి పేరుని నలభై ఆరేళ్ళు దాచింది హియామ్ వాళ్ళమ్మ. పదమూడు వ్యాసాలు, నక్షత్రం, ఫతాయెర్లు, ఇప్పుడు ఇది కూడానా?

వచ్చేస్తుంటే హియామ్ ఇంకో కాగితం చేతిలో పెట్టింది. నాలుగు రోజులు పాత పేపర్లన్నీ తిరగేసిందట. ఓడినవాళ్ళ పేర్లతో, ఓట్లతో మొత్తం ఫలితం. తేడా పందొమ్మిది. షాపు ఎవరు చూశారని అడిగాను. మూసేశా అక్కా అంది.

థాంక్స్ అని చెప్పడానికి నోరు రాలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 14

వాదీ అత్తీన్ ఉంటుంది. గుడ్లగూబ తేల్చేసింది. చివరి ఎడిట్ ఎవరిదో రాయను.

జబల్ జైతూన్ నిన్నే పోయింది. దానికి ఆధారాలు వెతికే టైము హియామ్‌కి దొరకలేదు. ఆ నాలుగు రోజులూ నాకోసం వెతికింది.

మే 6, ఆదివారం

ఎన్నికలు. తౌఫీక్ వాళ్ళ ఊళ్ళో ఓటు వేశాను. నా పేరు ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంది. ఓటు వేసే స్కూలు ఎటో ఇవాళ కూడా దారి అడగాల్సి వచ్చింది.

కారులో కూర్చుని ఫోన్ తెరిచాను. ఆ రోజు నేను తీసిన స్లిప్పు ఫోటో అంచున వదీఆ అత్త బొటనవేలు పడింది, సరిగ్గా నాన్న పేరు పక్కన. క్రాప్ చేద్దామని వేలు పెట్టాను. నా వేలికి సిరా ఉంది. ఆ వేలికి లేదు.

క్రాప్ చేయలేదు. జబల్ జైతూన్ వ్యాసం వెనక్కి తెమ్మని గుడ్లగూబకి రాశాను. కారణం అడిగింది. అక్కడ మనుషులు క్యూలో నిలబడ్డారు అని రాశాను. ఆ వాక్యం కూడా హియామ్‌దే. ఒళ్ళు మండింది. అయినా పంపాను.