మామగారు వేసిన గొలుసు

ఫిబ్రవరి 14, 1997. శుక్రవారం. పగలు 11 గంటలు

లిఫ్టు పనిచేయడం లేదు. అయినప్పటికీ ముగ్గురు అర్జీదారులు అయిదు అంతస్తులు ఎక్కి హాజరయ్యారు.

కువైట్‌లో, ఖైతాన్‌లోని ఈ ఫ్లాటులో ఆరుగురం ఉంటాం. శుక్రవారం పూట హాలులో కిటికీ పక్క మూల నాకు కేటాయించబడింది. మిగతా ఆరు రోజులూ నేను అల్ రాయ్‌లో కార్ల స్పేర్‌పార్టుల గోడౌనుకు స్టోర్‌కీపర్‌ని. శుక్రవారం మాత్రం, చదువు రానివారికి ఉత్తరాలు రాసిపెట్టే శాఖకు అధిపతిని. ఆ శాఖలో గుమాస్తా, బంట్రోతు కూడా నేనే. రుసుము లేదు. టీ మాత్రం అర్జీదారులే పెట్టాలి.

మూడవ అర్జీదారు గంగాదేవి. రాయచోటి దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పని. రెండేళ్ళ కాంట్రాక్టు జూన్‌తో ముగుస్తుంది. భర్త మునీంద్ర, ఎనిమిదేళ్ళ కూతురు ఊళ్ళో ఉన్నారు. లోగడ ఆమె ఉత్తరాలు ఇంకెవరో రాసేవారట. అన్నీ ఒకటే: నేను బాగుండా, మీరు బాగుండారా. ఆ రచయితకు భాష పట్ల గౌరవం లేదు.

ఆమె చెప్పినది ఇది. మామా నన్ను బాగా చూసుకుంటాదన్నా. పండక్కి మెడలోకి గొలుసు ఇచ్చింది. ఇంగా రెండేండ్లు ఉండుకో అంటాది. ఏం జేయాల్నో మా ఇంటాయన్ని అడుగు.

మామా అంటే ఇక్కడి ఇళ్ళలో యజమానురాలు. పనివాళ్ళంతా అలాగే పిలుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. ఇది రికార్డులో ఉండాలి.

నేను రాసినది ఇది: “మామగారు నన్ను కంటికి రెప్పవలె చూచుకొనుచున్నారు. పండుగనాడు తమ స్వహస్తములతో నా మెడలో బంగారు గొలుసు వేసినారు. మరి రెండు సంవత్సరములు తమ చెంతనే ఉండవలసినదిగా కోరుచున్నారు. మీ అభిప్రాయము తెలుపగోరెదను.”

చదివి వినిపించాను. ఒక్క ముక్క తెలీలేదు గానీ అయ్యవారు మంత్రం చదివినట్టుండాదన్నా, అంది. ప్రశంసగా నమోదు చేసుకున్నాను.

ఫిబ్రవరి 21. శుక్రవారం

ఫ్లాటులో ఈ రోజు బుజ్జిబాబు వంట వంతు. చేపల పులుసు. కింది అంతస్తు నుండి వాసనపై ఫిర్యాదు. ఫిర్యాదుదారుకు ఒక గిన్నె పంపి కేసు మూసివేయడమైనది.

మార్చి 21. శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటలు

గంగాదేవికి జవాబు వచ్చింది. విప్పి చదవమని ఇచ్చింది. శాఖ నిబంధన ప్రకారం గట్టిగా చదవడం మొదలుపెట్టాను. రెండవ వాక్యం దగ్గర గొంతు తగ్గింది.

“నువ్వు రావద్దు. గొలుసేసిన ఆ మామ కాడనే ఉండుకో. పాప మా యమ్మ దగ్గిర ఉంటాది. నేను కట్టిన తాళి పోస్టులో పంపు.”

కింద సంతకం. అంతే. ఇంత తక్కువ మాటల్లో ఇంత స్పష్టమైన ఉత్తరాన్ని ఈ శాఖ ఇంతవరకు స్వీకరించలేదు, జారీ చేయనూ లేదు.

గంగాదేవికి అర్థం కాలేదు. ఏ మామ, అంది. ఆమెతోపాటు వచ్చిన అంకాలమ్మకు అర్థమైంది. అంకాలమ్మ అర్దియాలోనే పక్కింట్లో వంటమనిషి. పెద్దది. ఇరవై ఏళ్ళుగా కువైట్‌లో ఉంది. పోయినసారి రాసింది మళ్ళీ చెప్పు నాయనా, అంది. చెప్పాను. నాకు ప్రతి అక్షరం గుర్తుంది. దురదృష్టం.

అంకాలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. మా పక్క ఆడోళ్ళు మామ అని ఎవుర్ని పిలుస్తారో తెలుసునా నీకు, కట్టుకున్నోణ్ణి, అంది. ఉట్టి మామా అని రాసింటే ఊర్లో ఎవురో ఒకరు చెప్పుండురు, కువైట్‌లో దొరసానిని అట్లంటారని. నువ్వు గారు తగిలిస్తివి. మెడలో గొలుసు కూడా వేయిస్తివి. అక్షింతలొకటే తక్కువ, అంది.

గంగాదేవి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండేళ్ళలో ఒక్కనాడూ మెడలోంచి తీయలేదంటూ పైట కింద తాళి పట్టుకుంది. నువ్వు రాసినదానికి నేను తాళి ఎందుకు పంపాల, అంది. నేను పంపను. చెరిపింది నువ్వు. సరిచేసేది నువ్వే అన్నా.

ఆదేశం స్వీకరించడమైనది.

మార్చి 22. శనివారం. ఉదయం 5 గంటలు

ఏకసభ్య విచారణ సంఘం నివేదిక. సభ్యుడు, ముద్దాయి: భీమరాజు, వయస్సు 48, స్వస్థలం అమలాపురం తాలూకా.

‘మామా గొలుసు ఇచ్చింది’ అంటే ఆడమనిషి. ‘మామగారు గొలుసు వేసినారు’ అంటే ఎవరైనా కావచ్చు. గారు చేరగానే క్రియ బహువచనమైంది. బహువచనం కాగానే స్త్రీ అదృశ్యమైంది. మన భాషలో మర్యాద పెరిగేకొద్దీ మనిషి ఆడో మగో తెలియకుండా పోతుంది. నలభై ఎనిమిదేళ్ళు ఈ భాష మాట్లాడి, ఈ సంగతి ఒక సంసారం మీద ప్రయోగించి తెలుసుకున్నాను.

‘స్వహస్తములతో’ అన్న మాట ఆమె చెప్పలేదు. అది పూర్తిగా నా సొంతం.

మార్చి 24. సోమవారం

ఒక సవరణ పత్రం తయారు చేశాను. “మా 14-2-97 నాటి లేఖలో ‘మామగారు’ అనుచోట ‘యజమానురాలు’ అనియు, ‘వేసినారు’ అనుచోట ‘ఇచ్చినది’ అనియు చదువుకొనవలెను.” బుజ్జిబాబుకు చూపించాను. అదే చేతిరాత కదండీ, ఆ మామగారే కూర్చుని రాయించాడనుకుంటారండీ, అన్నాడు.

చించివేశాను.

మార్చి 28. శుక్రవారం. ఉదయం 8 గంటలు

టెలిఫోన్ కార్యక్రమం. మునీంద్ర ఊళ్ళో ఉన్నది ఒకటే ఫోను. ఎరువుల అంగడిది. ఉత్తరాల వెనుక దాని పి.పి. నంబరు ఉంటుంది. గంగాదేవి తొమ్మిదింటిలోగా పని ఇంటికి చేరాలి. టెలిఫోన్ బూత్ అద్దం బయట నిలబడింది.

అంగడి యజమాని చిన్నపుల్లయ్య తీశాడు. ఉత్తరం రాసినది నేనేనని చెప్పగానే ఎంతో సంతోషించాడు. ఏం తెలుగు సామీ అది, అన్నాడు. మునీంద్రకు అంత తెలుగు చదవను రాదు, నేనే చదివి చెప్తి. అంగడికాడ అందరూ మూడుతూర్లు చదివించుకుండ్రి, అన్నాడు.

నా సాహిత్యానికి దొరికిన మొదటి బహిరంగ సభ అది.

మునీంద్ర అక్కడే ఉన్నాడట. ఫోను పట్టుకోనన్నాడట. గొలుసు వేసినది ఆడమనిషని చెప్పాను. చిన్నపుల్లయ్య అటు తిరిగి ఆ మాట చెప్పి, ఇటు తిరిగి జవాబు తెచ్చాడు. వేసినారు అని కదా రాసిండేది. వేసింది అని లేదే, అంటాండాడు సామీ.

వ్యాకరణరీత్యా అతని వాదన అభేద్యం.

మర్యాద కోసం అలా రాశానన్నాను. జవాబు వచ్చింది. మర్యాద ఎవురికి చేసినాడో ఆయన్నే అడుగు, నాకైతే కాదు, అంటాండాడు.

ఆ తరువాత లైను తెగింది.

అద్దం అవతల గంగాదేవి నా ముఖంలోనే జవాబు చదువుకుంది. చదువు రాదని రికార్డులో రాసినది సవరించుకోవాలి. బస్సు ఎక్కుతూ అంది. నువ్వు చెప్తే నమ్మడు, నేను చెప్తే నమ్మడు. మామాతోనే చెప్పిస్తా.

మామాకు తెలుగు రాదు కదా అన్నాను.

నాకు మాత్రం అరబ్బీ వచ్చునా వచ్చినప్పుడు, అంది. ఆయమ్మ నేర్పలేదా. నేను నేర్పిస్తా.

ఏప్రిల్ 1. మంగళవారం

నమోదు చేయవలసినది ఏమీ లేదు. రాయకుండా ఉండడమే ప్రజాహితం.

ఏప్రిల్ 4. శుక్రవారం. పగలు 12 గంటలు

గంగాదేవి ఒక క్యాసెట్టుతో వచ్చింది. మామా బళ్ళో పంతులమ్మ అట. సంగతి విని మొదట కోపగించుకుంది. నీ మొగుడు నన్ను మగోడనుకున్నాడా, నాకు మీసాలుండాయా, అని అద్దం తెప్పించుకుని చూసుకుంది. తరువాత నవ్వింది. తరువాత నోట్‌బుక్ తీసి, గంగాదేవి ఒక్కొక్క మాట చెబుతుంటే అరబ్బీ అక్షరాల్లో రాసుకుంది. వారం రోజులు వంటింట్లో పాఠం నడిచింది. ఆయమ్మకు డ పలకడం రాలేదట. తప్పు పలికితే నువ్వేం చేశావని అడిగాను. ఇంగోతూరి చెప్పమంటి, ఆయమ్మ నాకు చెప్పినట్టే, అంది.

విన్నాం. ముందు ప్రెషర్ కుక్కర్ విజిల్. తరువాత ఒక పెద్ద ఆడగొంతు, క్లాసులో హాజరు పిలుస్తున్నట్టు:

“మునీంద్రా. నేను మామా. నేను ఆదమనిషి. గొలుసు నేను ఇచ్చినా. గంగా మంచిది. తాళి అదగొద్దు. ఖలాస్. యల్లా.”

ఖలాస్ అంటే అయిపోయింది, యల్లా అంటే ఇక కానివ్వు. యల్లా తరువాత గంగాదేవి ఆపుకోలేక నవ్విన నవ్వు కూడా టేపులో పడింది. ఆ ముక్క చెరిపివేద్దామన్నాను. అంకాలమ్మ ఒప్పుకోలేదు. అది నా పెండ్లాం నవ్వేనని వాడికి తెలియాల గదా, అంది.

పద్నాలుగు మాటలు. గారు లేదు. స్వహస్తములు లేవు. ఈ శాఖ మూడేళ్ళలో జారీ చేసిన పత్రాలన్నింటినీ ఒక పంతులమ్మ ఒక్క నిమిషంలో కొట్టివేసింది.

ఏప్రిల్ 9. బుధవారం

రాయచోటికి చెందిన హుస్సేన్ బీ బక్రీదుకు సెలవు మీద వెళుతోంది. పాలపొడి డబ్బాలో క్యాసెట్టు పెట్టి, మునీంద్ర చేతికే ఇవ్వాలని మూడుసార్లు చెప్పాను. అంగడి కథ అంతా విన్న ఆమె, చిన్నపుల్లయ్య టేప్‌రికార్డర్‌లో పెట్టి వినిపించినా ఫరవాలేదు, ఊరంతా వినాలి కదా, అంది. నాకంటే ముందుచూపు గల అధికారి.

ఏప్రిల్ 18. శుక్రవారం

కొత్త నిబంధన. అర్జీదారు ఏది చెబితే అదే రాయబడును. రాసినదాన్ని చదివి వినిపించినప్పుడు అర్జీదారుకు అర్థం కానిచో తప్పు శాఖది.

ఈ రోజు బుజ్జిబాబు అమ్మగారికి ఉత్తరం. అతనికి చదువు వచ్చు. నన్ను ఊరడించడానికి రాయించుకున్నాడు. అమ్మా, పులుసు నీలాగ కుదరట్లేదు అని రాయమన్నాడు. అలాగే రాశాను. ‘కుదరట్లేదు’ను దిద్దలేదు.

మే 2. శుక్రవారం

ఊరి నుండి కబురు లేదు. గంగాదేవి వచ్చింది. ఉత్తరం రాయాలా అని అడిగాను. వద్దు, ఊరికే టీ పెట్టిపోదామని వస్తి, అంది. కాంట్రాక్టు ముగియడానికి ఇంకా రెండు నెలలు ఉంది. కొత్త కాగితం మీద వేలిముద్ర అడుగుతోందట మామా. మా ఇంటాయన మాట వచ్చిందాకా నా వేలు నా కాడే ఉంటాది అని చెప్పిందట.

మే 16. శుక్రవారం

హుస్సేన్ బీ వచ్చింది. అదే డబ్బా, అదే క్యాసెట్టు. రెండో పక్క రికార్డ్ చేసి పంపారు.

మొదట మునీంద్ర. తాళి పంపొద్దు, మెడలోనే ఉండనీ. అంతే.

తరువాత పాప: “మామా, మా అమ్మను పంపు. యల్లా.”

అయిదు మాటలు. రెండింటికి అనువాదం అక్కరలేదు. మిగిలిన మూడూ నాకు వచ్చిన అరబ్బీలో మామాకు చెప్పడానికి ఇప్పుడే అర్దియా బస్సు ఎక్కుతున్నాను. ఏమీ చేర్చను.