మైకు ఆగిన తర్వాత

చెల్లి దోర్సాఫ్‌కు అక్క దీవెనలు.

ట్యూనిస్‌లో నీ కచేరీకి నేను రాలేదని నొచ్చుకుంటూ రాశావు. వచ్చాను. నువ్వు పంపిన ముందు వరుస టికెట్లు పక్కింటివాళ్లకిచ్చేసి, అమ్మతో ఆ ఆరుబయలు రంగస్థలంలో చిట్టచివరి మెట్ల మీద కూర్చున్నాను.

ఇద్దరం ఒకే గురువు దగ్గర, మైకు లేకుండా గొంతెత్తి పాడే ఒపేరా నేర్చుకున్నాం. ఆవిడ నా గొంతునే మెచ్చుకునేది. నేను బళ్లో పిల్లలకు పాటలు చెప్పుకుంటుంటే, నువ్వు ఆ ఒపేరాకే గిటార్లూ డ్రమ్ములూ తగిలించి దేశాలు తిరుగుతున్నావు. అదంతా మైకు మహిమేనని అందరితో అంటూ వచ్చాను.

ఆ సాయంత్రం నీ పాట మధ్యలో కరెంటు పోయింది. నాకెంత సంతోషమేసిందో! మైకు ఆగింది, గిటార్లు ఆగాయి. నువ్వు ఆగలేదు. నీ గొంతు మా మెట్లదాకా తేటగా వచ్చింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు.

అమ్మ నా భుజం పట్టుకుని ఊపేసింది. "విన్నావుటే? అచ్చం నీ గొంతే!"

ఈద్‌కు వస్తానన్నావు, రా. అమ్మ కుస్కుస్ వండుతుంది. కానీ ఇద్దరం కలిసి పాడదామన్నావే, అది మాత్రం వద్దు. నీ పక్కన పాడితే అమ్మకు తేడా తెలిసిపోతుంది.

నీ అక్క