ఒక సైజు పెద్ద వెట్‌సూట్

డిసెంబర్ 14, ఆదివారం

ఈతకూ కయాక్ పడవకూ రెండింటికీ పనికొచ్చే రబ్బరు వెట్‌సూట్ నాలుగు రోజులు చూసి ఎంచింది నేను. టేపుతో మా అమ్మాయి స్రవంతి ఛాతీ, నడుము, ఎత్తు కొలిచి రాసిచ్చింది నేను. ఈయన నాకు చెప్పకుండా ఒక సైజు పెద్దది తెప్పించారు. పొద్దున మానేరు డ్యాంలో దిగిన పది నిమిషాలకే చన్నీళ్లు సూట్ నిండా చేరి, పిల్ల పెదవులు నల్లబడ్డాయి.

"పెరిగే పిల్లనాయె, ఇంకో రెండేండ్లు వస్తదనుకున్న," అన్నారు తాపీగా.

"గదేమన్న స్కూల్ డ్రెస్సా? ఒంటికి అతుక్కుంటేనే వెచ్చగుంటదని చెప్పిన గదా!"

"అయితే జర కుట్టియ్యరాదు?"

"సూది బెజ్జాలకెల్లి నీళ్లు రావా?"

తొడిగింది వాపసు తీసుకోరట. చూస్తే పిల్ల ఈత, కయాక్ పోటీ వచ్చే ఆదివారమే.

"లోపల స్వెటర్ ఏస్కుంట గనీ, బాపునేమనకు అమ్మా," అంది స్రవంతి, వణుకుతూనే.

ఒళ్లు మండిపోయింది. తప్పు తండ్రిదైతే సర్దుకోవడం దీనికెవరు నేర్పారు? నేనేనా...