బొంత పొరల్లో పిల్ల

మోవా, రాయపూర్
9-12-2015

అమ్మకు ఉమారాణి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారు పడకు. ఫోన్లో నీకు సరిగా వినపడదని రాస్తున్నాను.

పూర్ణిమ పెంచుతున్న రెండు గినీ పందులకు చలి తగలకుండా, పాత ఫ్లీస్ దుప్పటి కత్తిరించి, మధ్యలో తువ్వాలు పెట్టి, బోనులో పరవడానికి బొంత కుట్టాను. లోపలి తువ్వాలు తీసి ఉతకడానికి వీలుగా ఒక వైపు కుట్టకుండా వదిలేశాను. నిన్న పొద్దున ఆ బొంతను తీసి గోరువెచ్చని నీళ్ల బకెట్లో ముంచాను. పొరల మధ్య ఏదో కదిలింది. లాగి చూస్తే ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని ఉన్న పిల్ల. "మమ్మీ, ఊపిరి తీస్తంది, జల్దీ పొడిగుడ్డ ఇవ్వు" అని పూర్ణిమే దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. తుడిచి దగ్గర పెడితే తల్లి దాన్ని నాకింది. పిల్ల బతికింది.

దసరాకి కొన్నప్పుడు రెండూ ఆడవేనని, ఏ భయమూ లేదని షాపువాడు చెప్పాడు. అందులో ఒకటి అప్పటికే కడుపుతో ఉందట. లావెక్కుతోందని నేను దాని మేత తగ్గించాను కూడా.

దిండు గలీబుకి మూతి మూసుకునేలా నువ్వు లోపలికి మడత పెడతావే, అది ఎన్ని అంగుళాలు? వెంటనే రాయి, ఆ బొంత మూతికి కావాలి. నాన్న కంటి ఆపరేషన్ ఎప్పుడు? చుక్కలు మానకుండా వేయి. ఆయనకు నా నమస్కారాలు.

పూర్ణిమ పిల్లను నా ఒళ్లో పెడుతోంది. బొంతను మాత్రం నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

నీ ఉమ