రేకుల షెడ్డుకి సిగ్నల్

నిన్ను చంపింది మన రొయ్యల చెరువు ఆసామి, అన్నయ్యా. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు వైరు వేలాడే ఇనప తీగకే నెట్ కేబుల్ కూడా కట్టమని వానలో నిన్ను నిచ్చెన ఎక్కించాడు. నువ్వేమో "సరేనండి" అని ఎక్కేశావు. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు.

ఇప్పుడు నీ పని నాకిచ్చాడు. మేత గోడౌన్ రేకుల షెడ్డులో ఉన్న అదే కంప్యూటర్‌కి, చెరువు అవతల ఆయన మేడ మీద నుంచి నెట్ రావాలట. వైర్‌లెస్ అడాప్టర్ కొందామన్నాను.

"కొనరా. రేకుల షెడ్డుకి సిగ్నల్ అందకపోతే మాత్రం సోమవారం కేబులే కట్టాలి. తీగ ఎలాగూ ఉందిగా!" అని నవ్వాడు.

నా నోట్లోంచీ "సరేనండి" అనే వచ్చింది.

భీమవరం షాపులో రెండు చూశాను. ఒకటి వేలెడంత ఉంది, యూఎస్‌బీలో గుచ్చేది. రెండోది లోపల బిగించే కార్డు; దాని యాంటెన్నాని పొడుగు వైరుతో కిటికీ బయటికి తేవచ్చట. చెరువు దాటి అందుతుందా అంటే, "పెట్టి చూడాలండీ" అన్నాడు షాపతను.

పొద్దుట్నుంచీ మబ్బు పట్టే ఉంది. నిచ్చెన అప్పుడే తెచ్చి ఆ తీగ కింద ఆనించారు.

కంప్యూటర్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఏది కొనాలో చెప్పు. ఆదివారం షాపు మూసేలోపు చెప్పు.