అరుంధతి కొడుక్కి రాసి ఇచ్చినది

ఖతర్ దేశం, దోహా నగరం, ముషైరిబ్‌లో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు పై అంతస్తులో కాపురముంటున్న, రాటెన్‌ఫెల్స్ ప్రిన్స్ కీర్తిశేషులు ఆట్టో గారి రెండవ కుమారుడు ఆల్బ్రెష్ట్, వయస్సు అరవై అయిదు, వృత్తి వ్యాపారం, అను నేను, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ మొగమాటమూ లేకుండా, నా తదనంతరం జరగవలసిన వాటిని గురించి నా చేత్తో రాసిన వీలునామా. ఇంతకుముందు మ్యూనిక్‌లో జర్మన్ భాషలో రాసినది దీనితో రద్దు.

ఇందులో చట్టం మాటలు మా మేనేజరు హమీదుద్దీన్ చెప్పినవి. అతను హైదరాబాదులో రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసి బతికినవాడు. మిగతా తెలుగంతా నా భార్య అరుంధతి నేర్పింది. తప్పులుంటే నావి. ఈ భాషలోనే ఎందుకంటే, నా కొడుకు మాటియాస్ దీన్ని తానే చదువుకోవాలి. వాళ్ళమ్మ వాడికి అక్షరాలు దిద్దించింది. మా అన్న కార్ల్ గారికీ ఆయన వకీళ్ళకూ ఈ భాష రాదు. వాడికంటే ముందు వాళ్ళు చదివేసి, సారాంశం వాడి చేతిలో పెట్టే వీలు ఉండకూడదు.

1. మా వంశం సంగతి తెలియని సాక్షుల కోసం రాస్తున్నాను. మా తాతకు రాజ్యం ఉండేది. చిన్నదే, పొద్దున గుర్రం ఎక్కితే సాయంత్రానికి అవతలి పొలిమేర. 1918లో రాజ్యం పోయింది కానీ ఇంటి చట్టం పోలేదు. ఆ చట్టం ప్రకారం రాజవంశంలో పుట్టినవాడు రాజవంశపు పిల్లనే చేసుకోవాలి. లేకపోతే ఆమెకు వంశం పేరు లేదు, ఆమె పిల్లలకు వారసత్వం లేదు. నేను చేసుకున్నది నిజామాబాద్ జిల్లా బాల్కొండలో పుట్టి, బొంబాయిలో చదివి, దోహా ఆసుపత్రికి వచ్చిన నర్సును. కాబట్టి కుటుంబపు బీరు ఫ్యాక్టరీలో, అడవిలో, మోటార్ల కంపెనీలో నా భాగం నా తరువాత అన్నగారికి చెందుతుంది. చెందనీ. బీరు అమ్మనివ్వని దేశానికి నన్ను నీళ్ళ మోటార్లు ఇచ్చి తోలింది ఆయనే. తీరా ఇక్కడ చమురు డబ్బు పొంగి, ఊరంతా క్రేన్లు లేచాక, దోహా లాభంతోనే ఆయన కోట పైకప్పు బాగుపడింది. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

2. నా ముద్ర ఉంగరం కూడా అన్నగారికే. అరుంధతిని ఒకే ఒక్కసారి ఆ కోటకు తీసుకెళ్ళాను. భోజనాల దగ్గర నా కుర్చీ అన్నగారి కుడిపక్కన వేశారు. ఆమెను బల్ల చివర, అడవి గుమాస్తా భార్య పక్కన కూర్చోబెట్టారు. దోహా వచ్చాక ఉల్లిగడ్డలు కోస్తూ అన్నది: "ఆ గుమాస్తా పెండ్లాం మంచిది. మీ ఇంట్ల నాతోని మాట్లాడింది ఆమె ఒక్కతే." ఉంగరం అప్పుడు తీసినదే. టేబులు సొరుగులో ఉంది.

3. హమీదుద్దీన్ భార్య మెహర్ సుల్తానాకు అరుంధతి రోలూ, ఆమె సర్వపిండి చేసే మందపాటి గిన్నే. ఈవిడ ప్రతి శుక్రవారం మాకు కూర పంపేది. ఇప్పటికీ ఇద్దరికి సరిపడానే పంపుతుంది, అలవాటు పోలేదు. నేనూ రెండు పళ్ళేలు పెట్టుకుంటాను. ఏసీ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడదు. తెలుగు మరిచిపోతానేమోనని ఒక్కోసారి గోడకే చెబుతుంటాను, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందని. చాలా ఒంటరిగా ఉంది. ఇంతకంటే మర్యాదైన మాట నాకు రాదు.

4. అరుంధతి ఊరివాడే అయిన ఫోర్‌మన్ లింబాద్రికి నా పికప్ బండి. అతను ఎలాగూ అది తనదే అనుకుంటున్నాడు.

5. ఐసు ఫ్యాక్టరీ వంశానిది కాదు, నేను పెట్టినది. ఖతరీ భాగస్వామి వాటా పోను, నా వాటా, ట్రక్కులు, అల్ సద్‌లోని గోదాము మీద నాకున్న హక్కు, సమస్తం నా కొడుకు మాటియాస్‌కు చెందవలెను. అందులో ఇతరులకు ఎట్టి జోక్యమూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొన్న చలికాలం అరుంధతి పోయిన తరువాత అన్నగారు మొట్టమొదటిసారి దోహా వచ్చారు. ఆమె బతికుండగా రానివారు. ఆయనకు కొడుకులు లేరు. హోటల్లో ఖర్జూరాలు తింటూ, మాటియాస్‌ను దత్తత తీసుకుంటానన్నారు. ఇకమీదట కాగితాల్లో వాడి తల్లిదండ్రులుగా అన్నావదినల పేర్లే ఉంటాయట. అప్పుడు వాడు వంశానికి పెద్ద కావచ్చునట. అరుంధతి పేరు ఎక్కడా ఉండదు, నా పేరూ ఉండదు. వాడు మ్యూనిక్‌లో చదువుకుంటున్నాడు, సెలవులకు ఆ కోటలోనే ఉంటాడు. సంతకం పెట్టాడో లేదో నాకు తెలియదు. ఫోన్ చేస్తే బాగున్నానంటాడు. నాకు అడగడానికి నోరు రాదు.

దత్తు పోతే ఫ్యాక్టరీ దక్కదని ఒక షరతు పెట్టమన్నాడు హమీదుద్దీన్. రాశాను, కొట్టేశాను. ఎవరు ఎవరిని చేసుకుంటే ఏమి దక్కదో మా వాళ్ళు తరతరాలుగా రాస్తూనే ఉన్నారు. నేను రాయను. నాయనా, సంతకం పెట్టినా ఫ్యాక్టరీ నీదే, పెట్టకపోయినా నీదే. నువ్వు పెట్టకూడదని నా కోరిక. ఇది కోరిక మాత్రమే, షరతు కాదు.

6. వంశపు సమాధి మందిరంలో నాకు చోటు ఉంది. ఆమెకు ఉండేది కాదు. అందుకని నేను అక్కడికి పోను. లింబాద్రి నన్ను బాల్కొండ తీసుకెళ్ళి, ఆమెను దహనం చేసిన చోటే నాకూ చేయించి, ఆమెను కలిపినట్టే కందకుర్తి దగ్గర గోదావరిలో కలపవలెను. మా వంశంలో ఎవర్నీ కాల్చలేదు, నేనే మొదటివాణ్ణి. అన్నగారు మనుషులను పంపితే చాయ్ ఇచ్చి సాగనంపండి.

తలగొరివి ఎవరు పెట్టాలని లింబాద్రిని అడిగాను. "దత్తు పోయినోడు కన్నతండ్రికి పెట్టరాదు సార్, మా దిక్కు ఒప్పుకోరు" అన్నాడు. అతనే మళ్ళీ అన్నాడు: "పిల్లగాడు అంత దూరంకెల్లి వస్తే నేనెందుకు అడ్డమొస్త సార్? ఊరోళ్ళకు నేను చెప్పుకుంట."

కాబట్టి సంతకం సంగతి వాణ్ణి ఎవరూ అడగవద్దు. వస్తే తలగొరివి వాడే పెడతాడు. రాకపోతే లింబాద్రి. వాడికి కబురు పెట్టాక తొందరపడి నన్ను పంపే పెట్టె మూయకండి, వాడి విమానం ఇక్కడ దిగేదాకా ఆగండి. ఐసుకు మనకు కొదవ లేదు.

7. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత హమీదుద్దీన్‌ది. దీన్ని మాటియాస్ చేతికే ఇవ్వవలెను. చదవడంలో ఎక్కడైనా తడబడితే సాయం చేయవచ్చు గానీ, అనువాదం చేసి వినిపించరాదు.

దోహా, 1977 అక్టోబరు 14, శుక్రవారం.

సాక్షులు:
గంగన్న, ట్రక్కు డ్రైవరు, ఐసు ఫ్యాక్టరీ
ముఖ్తార్, టైలరు, ముషైరిబ్

ఇట్లు,
అరుంధతి భర్త, మాటియాస్ తండ్రి,
ఆల్బ్రెష్ట్